రెండో చుట్టు

గురప్పన్నతో నేను ఇరవై ఏళ్ళకు పైగా పోట్లాడాను. గొడవంతా ఒక్కటే, రివాల్వరు నమ్మదగిందా, పిస్తోలు నమ్మదగిందా అని. చిత్తూరు బెల్లం మండీలో ఆయన కొట్టు ముందు అరుగు మీద సాయంత్రం టీతో మొదలుపెడితే కొట్టుకు తాళం వేసేదాకా సాగేది. హమాలీలు మూటలు దించడం ఆపి మరీ వినేవాళ్ళు. వాళ్ళలో చాలామంది తుపాకీని సినిమాలో తప్ప చూసినవాళ్ళు కారు, అయినా అందరూ ఆయన పక్షమే. ఆయన తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. నేను ఏం పెట్టగలను?

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో నాతో గట్టిగా పోట్లాడిన మనిషి లేడు. ఇంట్లో మా ఆవిడ జెస్సీ ఉంది కానీ ఆమెతో పెట్టుకుంటే అన్నానికే ఎసరు. సాయంత్రం అయ్యేసరికి కాళ్ళు వాటంతట అవే మండీ వైపు లాగుతాయి. సగం దారిలో గుర్తొస్తుంది. ఇంత వయసొచ్చి, మిలిటరీలో అన్ని చావులు చూసి వచ్చినవాణ్ణి, నడిరోడ్డు మీద నిలబడి వెనక్కి తిరగాలంటే నా మీద నాకే కోపం వస్తుంది.

హవల్దారుగా రిటైరై వచ్చాక నేను ఒక నగల కొట్టుకు కాపలా ఉంటున్నాను. నా నడుముకు ఉండేది పిస్తోలు. గురప్పన్నది రివాల్వరు. రొక్కం సంచితో ఊళ్ళు తిరిగే రోజుల్లో లైసెన్సు తెచ్చుకున్నాడు. తరవాత పలమనేరు అవతల చెరకు తోట కొన్నాక, ఏనుగుల్ని బెదరగొట్టడమే దాని పని అయింది. చెరకు రుచి మరిగిన ఏనుగులు టపాకాయల్ని లెక్కచేయడం మానేశాయి. రివాల్వరు ఎత్తి ఆకాశంలోకి ఒకటి పేలిస్తే మాత్రం అడవి వైపు తిరిగేవి.

తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. రివాల్వరులో ఆరు గదుల గుండ్రటి చక్రం ఉంటుంది, గదికో తూటా. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ చక్రం ఒక గది తిరుగుతుంది, సుత్తి వచ్చి తూటా వెనక కొడుతుంది. పిస్తోలులో తూటాలు పిడి లోపల ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒకటి పేలితే ఆ ఊపుకే ఖాళీ గుల్ల బయటపడి, కింది తూటా పైకొస్తుంది. చకచకా కాల్చవచ్చు, తూటాలూ ఎక్కువ పడతాయి. కానీ ఊపు చాలకపోతే ఖాళీ గుల్ల మధ్యలో ఇరుక్కుంటుంది. అప్పుడు రెండో చేత్తో పైభాగం వెనక్కి లాగి దులపాలి.

గురప్పన్న పట్టు అక్కడే. ఒకప్పుడు లారీ మీంచి పడి ఎడమ చెయ్యి విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నాడు. చెయ్యి కదపొద్దని వైద్యుడు చెప్పి పంపితే, ఈయన మర్నాడే మండీకి వచ్చి కూర్చుని ఆ చేత్తోనే తక్కెడ పట్టాడు. ఇంక ఆ చెయ్యి భుజం దాకా లేవలేదు.

"నీ పిస్తోలుకు రెండు సేతులు గావాల ఇమ్మానుయేలా. నాకు ఉండేది ఒకటిన్నర," అనేవాడు.

"ఇరుక్కుంటే గదన్నా రెండో సెయ్యి. శుబ్బరంగా తుడ్సి పెట్టుకుంటే ఎందుకు ఇరుక్కుంటాది?"

"తుడ్సాల, నూనె ఎయ్యాల, స్ప్రింగు సూడాల. అది తుపాకీనా, సంటిబిడ్డనా? నా దానికి ఆ కత లేదు. పేలకుంటే మల్లా నొక్కు. ఇంకోటి వస్తాది."

ఒకసారి ఆ తోటలోనే నా పిస్తోలు నా పరువు తీసింది. ఏనుగులు దిగాయని పిలిస్తే పోయి, చెయ్యెత్తి ఆకాశంలోకి కాల్చాను. మొదటిది పేలింది. ఆ ఖాళీ గుల్ల బయటపడక, నోట్లో బీడీ పెట్టుకున్నట్టు పైన నిలబడింది. నేను దాన్ని పీకే లోపల గురప్పన్న తన రివాల్వరు పేల్చాడు. ఏనుగులు పోయాక గట్టు మీద కూర్చుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నెలల తరబడి మండీలో నేను కనిపిస్తే చాలు, హమాలీలు "అన్నా, బీడీ ఉండాదా?" అని అడిగేవాళ్ళు. తూటా నాసిరకం, పిస్తోలు తప్పు లేదని ఎంత చెప్పినా వింటేనా?

"తూటా తప్పు జేస్తే నీది నిలబడిపోతాది. నాది ఇంకోదాన్ని తెస్తాది. ఏది నమ్మకమో నువ్వే సెప్పు," అనేవాడు గురప్పన్న.

పోయినేడు దసరా అయిన వారంలోనే ఆయన పోయాడు. తెల్లవారి తోటకు వెళ్ళినవాడు చెరకు వరసల మధ్య ఒంటరి ఏనుగుకు ఎదురుపడ్డాడు. మనుషులు చేరుకునేసరికి అంతా అయిపోయింది. రివాల్వరు కుడి చేతిలోనే ఉంది. తుపాకీ చప్పుడు విన్నవాళ్ళు ఎవరూ లేరు. చక్రంలో ఆరు తూటాలూ పేలకుండా అలాగే ఉన్నాయి. పోలీసులు దాన్ని తూటాలతో సహా గుడ్డలో చుట్టి సీలు వేసి తీసుకుపోయారు. ఏనుగు అడుగులు మట్టిలో అచ్చుపడి ఉన్నాయి కాబట్టి చావుకు కారణం వెతకాల్సిన పని ఎవరికీ లేకపోయింది.

ఆయన భార్య వసంతమ్మ వదినకు మాత్రం అక్కడితో సరిపోలేదు. దినాల భోజనాల దగ్గర ఆదిమూలం అనే బంధువు ఒకాయన అన్నం కలుపుకుంటూ అన్నాడు, "బయపడినాడబ్బా. ఏనుగును సూస్తానే సెయ్యి ఆడలేదు. నడుముకు తుపాకీ కట్టుకుంటే సాలునా, నొక్కే దయిర్నం ఉండాల గదా." ఆ మాట వంటింట్లో ఉన్న వదినకు వినిపించింది. నాకు ఆయన ముందున్న విస్తరి లాగి వీధిలో పారేయాలనిపించింది. జెస్సీ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ తరవాత వదిన నాకు ఫోను చేసినప్పుడల్లా అదే అడిగేది.

"ఆయన నొక్కినాడా, నొక్కలేదా ఇమ్మానుయేలా? అది తెలిసే దోవ ఏమన్నా ఉండాదా?"

ఉందని చెప్పాను. తూటా వెనక బల్లపరుపుగా ఉంటుంది. దాని నడుమ రాగిరంగు బొత్తం లాంటిది ఉంటుంది. సుత్తి కొట్టేది ఆ బొత్తం మీదే. తూటా పేలినా, పేలకపోయినా, దెబ్బ తగిలిందంటే అక్కడ గుంట పడుతుంది.

"అయితే అవి తిరిగొచ్చినాక నువ్వే సూసి సెప్పాల. ఇంకెవురు సెప్పినా నమ్మను," అంది.

ఒప్పుకున్నాను కానీ నాకు నిద్ర పట్టేది కాదు. గుంటలు లేకపోతే ఆదిమూలం మాట నిజమవుతుంది. గుంటలు ఉంటే రివాల్వరే ఆయన్ని మోసం చేసిందని అవుతుంది. అంటే ఇన్నేళ్ళ పోట్లాటలో నేను గెలిచినట్టు. ఆ గెలుపు తీసుకుపోయి నేను ఎక్కడ పెట్టుకోను? గురప్పన్న ఆ అరుగు మీద కూర్చుని, నన్ను బీడీ అని ఏడిపిస్తూ, రోజూ ఆయనే గెలుస్తూ ఉంటే నాకు అంతకంటే ఏం కావాలి?

కోర్టు చుట్టూ, కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ఆయన కొడుకు మోహన్‌కృష్ణకు లైసెన్సు మార్పయ్యేసరికి మళ్ళీ దసరా వచ్చింది. పండగ ముందురోజు నేనూ వాడూ కలిసి స్టేషనుకు పోయి ఆ గుడ్డమూట తెచ్చుకున్నాం. తిరుపతిలో కొన్న కొత్త తూటాల డబ్బా వాడి దగ్గర సిద్ధంగా ఉంది. దారిలో కారు నడుపుతూ వాడు నా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"తోట కాడ మల్లా దిగినాయి సిన్నాయనా. రెండు వరసలు తొక్కేసినాయి. రేపు పూజ అయినాక నేనే పోతా ఉండా."

"కూలోళ్ళను తీసకపో. ఒంటిగా పోబాకు."

"ఒంటిగా ఎందుకు పోతాను? నాయనది ఉండాది గదా నడుముకు," అన్నాడు.

వాడి గొంతు అచ్చం గురప్పన్న గొంతు.

మర్నాడు ఉదయం వాళ్ళ ఇంటికి పోయాను. ఆయుధపూజ. హాల్లో పటం ముందు పీట వేసి తక్కెడ, తూకం రాళ్ళు, చెరకు కొట్టే కత్తులు, లారీ తాళాలు సర్ది ఉన్నాయి. నేను ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషిని. అయినా ఈ ఇంటి పూజకు ఏటా వస్తాను, గుగ్గిళ్ళు తిని పోతాను. మా పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారో అని గురప్పన్న ఏటా అడిగేవాడు. గుగ్గిళ్ళలో కొబ్బరి తక్కువైందంటారని నేను ఏటా చెప్పేవాణ్ణి. ఈ ఏడు ఎవరూ అడగలేదు.

వదిన గుడ్డమూట తెచ్చి నా ముందు పెట్టింది.

"పూజ తరవాత. ముందు ఇది సూడు."

కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని సీలు తెంపాను. చక్రం పక్కకు తెరిచి తూటాలు అరచేతిలోకి వంచుకున్నాను. ఒకదాన్ని తిప్పి చూశాను. గుంట ఉంది. రెండోదానికీ ఉంది. అన్నింటికీ ఉంది. ఇంకా దగ్గరికి తెచ్చుకుని చూస్తే ఒక్కో బొత్తం మీద ఒక గుంట కాదు, రెండు. ఒకదాని అంచు తొక్కి ఇంకొకటి పడింది. చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగింది, ఏదీ పేలలేదు. అది మళ్ళీ మొదటి గదికి వచ్చింది, ఆయన మళ్ళీ నొక్కాడు. ఆ ఒంటి చేత్తో, ఆ ఏనుగు ముందు నిలబడి, నొక్కుతూనే ఉన్నాడు.

ఆ గుంటల చుట్టూ ఎర్రగా, జిడ్డుగా పేరుకున్న మరక కూడా అప్పుడే కనిపించింది. అదేమిటో నాకు తెలుసు.

ఏటా ఆయుధపూజకు వదిన ఆ తూటాల్ని పళ్ళెంలో వెనకభాగం పైకి ఉండేలా నిలబెట్టేది. పొడి కుంకుమ రాలిపోతుందని నువ్వుల నూనెలో తడిపి, వేలితో ఒక్కోదానికి బొట్టు పెట్టేది. బల్లపరుపు మొహం, నడుమ గుండ్రటి బొత్తం. బొట్టు ఇంకెక్కడ పెడతారు? సరిగ్గా దాని మీదే పెట్టేది. గురప్పన్న తూటాల్ని పొదుపుగా, ఏడాదికి ఒకటో రెండో వాడేవాడు కాబట్టి ఏళ్ళ తరబడి మిగిలిన తూటాలకే మళ్ళీ మళ్ళీ బొట్టు పడింది. బొత్తం అంచుల్లోంచి నూనె కొంచెం కొంచెంగా లోపలికి దిగి పేలుడు మందును బురద చేసింది. ఆ సంగతి నేను గురప్పన్నకు ఏటా చెప్పాను, కొన్నిసార్లు తిట్టి మరీ చెప్పాను.

"పెట్టుకోనీలే," అనేవాడు ఆయన. "ఒక్కోదానికి బొట్టు పెట్టి, మా ఆయన్ని కాపాడు తల్లీ అంటాది. ఆ మొకం సూసి వద్దని ఎట్ల సెప్పేది? పండగైనాక తుడ్సుకుంటాలే. నువ్వు ఆమెకు సెప్పబాకు."

ఇప్పుడు ఆమె నా ఎదురుగా నిలబడి ఉంది. పైటకొంగు గుప్పిట్లో నలుగుతోంది.

"సెప్పు. నొక్కినాడా?"

"నొక్కినాడు వదినా. ఒకసారి గాదు. సుట్టు మొత్తం నొక్కి, మల్లా మొదటి నుంచి నొక్కినాడు. గుంటలు సూడు, తూటాకు రెండు."

ఆమె అక్కడే గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. మోహన్‌కృష్ణ పరిగెత్తుకొచ్చాడు.

"మీ నాయన బయపడలేదు రా. నొక్కినాడంట. ఆ ఆదిమూలానికి పోను జెయ్యి. ఇప్పుడే జెయ్యి. నొక్కినాడని సెప్పి పెట్టెయ్యి," అంది.

వాడు నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఫోను వెతుక్కోవడానికి పోయాడు. వదిన మొహం కడుక్కుని వచ్చింది. అప్పుడు అడిగింది.

"మరి ఎందుకు పేలలేదు?"

"పాతబడిన తూటాలు. రివాల్వరు తప్పు రవ్వంత లేదు. దాని పని అది జేసింది."

అందులో అబద్ధం లేదు. నా పాటికి నేను అక్కడితో ఆగాలనుకున్నాను. ఆమె తలూపింది. పీట దగ్గరికి పోయి కూర్చుని, కొత్త తూటాల డబ్బా విప్పి, ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో నిలబెట్టడం మొదలుపెట్టింది. పక్కనే గిన్నెలో నూనె, కుంకుమ.

"పోయినేడు పండగ తొందరలో బొట్టు సరిగ్గా పెట్టలేదేమో అని ఏడాదంతా కుమిలిపోయినా ఇమ్మానుయేలా," అంది తల వంచుకుని. "ఈ తూరి నిండుగా పెడతా. బిడ్డ పోతా ఉండాడు గదా."

ఉంగరం వేలు ఎర్రటి నూనెలో ముంచింది.

నేను నోరు మూసుకుని ఉండవచ్చు. బయటికి పోయాక మోహన్‌కృష్ణకు చెవిలో చెప్పి తూటాలు మార్పించవచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది కూడా. కానీ వాడూ గురప్పన్న కొడుకే. తల్లి మొహం చూసి వద్దనలేడు, తుడుచుకుంటాలే అంటాడు.

"వదినా," అన్నాను. "తూటాలకు వద్దు."

వేలు గాలిలో ఆగింది.

"ఎందుకు?"

"తుపాకీకి పెట్టు, తక్కెడకు పెట్టు. తూటాలకు మాత్రం నూనె వద్దు."

ఆమె నా వైపు చూసింది. తరవాత కిటికీ గట్టు మీద నేను పరిచిన పాత తూటాల వైపు చూసింది. వాటి వెనక ఎర్ర మరకలు అంత దూరానికీ కనిపిస్తున్నాయి. తరవాత తన వేలు చూసుకుంది. వసంతమ్మ వదినకు ఏదీ రెండోసారి చెప్పాల్సిన పని ఉండదు. వేలి కొస నుంచి ఒక చుక్క జారి పీట మీద పడింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తల ఎత్తి అడిగింది.

"ఆయనకు తెలుసునా?"

"తెలుసు. నేను సెప్తానే వచ్చినాను. తుడ్సుకుంటాననే వాడు."

"తుడ్సినాడా?"

"ఏటా తుడ్సినాడు వదినా. పైన మరకే పోలేదు, లోపలికి దిగింది తుడిస్తే రాదు."

"అయితే పేలవని తెలిసే పోయినాడా ఏనుగు కాడికి? నాకు సెప్పలేక, ఆ తూటాలే పెట్టుకొని పోయినాడా?"

లేచి పోయి ఒక పాత తూటా తెచ్చి, ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, నూనె అంటని అరచేతిలో పెట్టాను.

"ఇది సూడు. ఇది మొదటి దెబ్బ. ఇది రెండోది. పేలవని తెలిసినోడైతే మొదటి సుట్టుకే రివాల్వరు ఇసిరేస్తాడు. రెండో సుట్టు నొక్కడు. నమ్మినోడే నొక్కుతాడు వదినా."

"దేన్ని నమ్మినాడు?"

రివాల్వరును అని చెప్పాలి. ఇరవై ఏళ్ళు ఆయన చెప్పింది అదే, పేలకుంటే మళ్ళీ నొక్కు అని. ఆ మాట చెప్తే గురప్పన్న గెలిచేవాడు, గెలవాలి కూడా. కానీ ఆమె మొహం చూశాను. ఆయన ఏళ్ళ తరబడి ఎందుకు వద్దనలేకపోయాడో అప్పుడు నాకు అర్థమైంది.

"నువ్వు పెట్టిన బొట్టును," అన్నాను.

అది నిజమో అబద్ధమో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె ఆ తూటా చుట్టూ వేళ్ళు ముడిచి, గుప్పిట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆదిమూలంతో ఫోనులో మాట్లాడుతున్న మోహన్‌కృష్ణ గొంతు వరండాలోంచి పెద్దగా వినిపిస్తోంది. వదిన లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, కొత్త తూటాలన్నీ తిరిగి డబ్బాలో సర్ది మూత పెట్టింది. పీట మీద రివాల్వరు పెట్టి పిడికి పొడి కుంకుమ అద్దింది. అది నిలవలేదు, సగం రాలిపోయింది.

"నీ పిస్తోలు గూడా ఈడ పెట్టు," అంది.

ఇన్నేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు. మా దేవుడు ఏమనుకుంటాడో నేను తరవాత చూసుకుంటాను. తూటాలు తీసేసి, రెండుసార్లు చూసుకుని, పిస్తోలును రివాల్వరు పక్కన పెట్టాను. వదిన దానికీ పొడి కుంకుమే పెట్టింది. గుగ్గిళ్ళు తెస్తానని లోపలికి పోయింది.

గురప్పన్న ఉంటే ఆ రెండింటినీ అలా పక్కపక్కన చూసి ఊరుకునేవాడు కాదు. ఏదో ఒకటి అనేవాడు. నేను అక్కడే కూర్చుని ఆ మాట కోసం చూస్తూ ఉన్నాను.